ఇంకో ఎం.ఎస్.

ఎం.ఎస్. అనగానే మన తెలుగువాళ్ళకి తోచే అర్థం ఒక్కటే - విదేశాల్లో చేసే పైచదువు. కంప్యూటర్స్ లో ఆ చదువు వెలగబెట్టిన బాపతే నేనూ! కానీ డాక్టర్ల భాషలో ఇంకో ఎం.ఎస్. ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఈ జబ్బుకీ మన గల్ఫ్ ఎండకీ అస్సలు పడదు. అందుకే ఈసారి దీని గురించి, దీన్ని కనిపెట్టుకుని ఉండే నర్సుల పని గురించి నాలుగు మాటలు.

కేబుల్ పైతొడుగు ఊడిపోతే సిగ్నల్ గతేమిటో మా ఐటీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మన నరాలకీ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఆ తొడుగు మీద దాడి చేస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడి పని చెడుతుంది. ఒకరికి చూపు మసక, ఒకరికి కాళ్ళ తిమ్మిరి, ఇంకొకరికి తూలే నడక. 2023 లెక్క ప్రకారం ప్రపంచంలో 29 లక్షల మందికి ఉంది. ఎక్కువగా 20-40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటువ్యాధి కాదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు కానీ, దాడుల్ని తగ్గించే మందులు చాలానే వచ్చాయి.

ఇక ఎండ సంగతి. ఒళ్ళు అలిసేలా శ్రమపడితే ఈ రోగులకి చూపు మసకబారుతుందని 1890లో ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాశాడు. తొడుగు పోయిన నరం వేడికి సిగ్నల్ మోయలేదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, పాత బాధలన్నీ పైకొస్తాయి. చల్లబడితే తగ్గిపోతాయి. అది కొత్త దాడి కాదు. జులైలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఈ తేడా తెలియడం ఎంత ముఖ్యమో చూడండి.

నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం షార్జాలో ఉంది. ఆవిడకి ఈ జబ్బు వచ్చి ఆరేళ్ళు. ఒక జూన్ నెలలో పార్కింగ్ నుంచి ఆఫీసు దాకా నడిచేసరికి కాళ్ళు పట్టు తప్పడం మొదలైంది. జబ్బు ముదిరిందనుకుని రాజీనామా రాసేసుకున్నారు. ఉద్యోగం పోతే వీసా, వీసా పోతే ఇన్సూరెన్స్, అది పోతే మందు... మన గల్ఫ్ బతుకుల గొలుసు మీకు తెలిసిందే! ఇచ్చేముందు క్లినిక్ నర్సుకి ఫోన్ చేశారు. ఆ సిస్టర్ అడిగినవి మూడే ప్రశ్నలు. "జ్వరం ఉందామ్మా? మూత్రానికి వెళ్తే మంటగా ఉందా? ఏసీలో అరగంట కూర్చుంటే తగ్గుతోందా?" రెండో ప్రశ్న దగ్గర గుట్టు బయటపడింది. ఆఫీసులో మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళడానికి మొహమాటపడి ఆవిడ మంచినీళ్ళు మానేశారట. పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. మందులు వాడాక పది రోజుల్లో కాళ్ళు మళ్ళీ దారికొచ్చాయి. రాజీనామా సొరుగులోనే ఉండిపోయింది.

డాక్టరు గారిని మనం చూసేది కొన్ని నెలలకోసారి. మధ్యలో రోజులన్నీ నడిపించేది ఇలాంటి చిన్న చిన్న ప్రశ్నలే. ఓక్రెలిజుమాబ్ లాంటి మందు ఆరు నెలలకోసారి సెలైన్ లా ఎక్కిస్తారు. ఎక్కుతున్నంతసేపూ, అయ్యాక కనీసం ఒక గంటా నర్సు బీపీ, నాడి చూస్తూ దురద, గొంతు బిగుసుకోవడం లాంటివి గమనిస్తుంది. ఇంట్లో ఇంజక్షన్ చేసుకునేవాళ్ళకి రోజుకో చోట మార్చి గుచ్చుకోవడం నేర్పుతుంది. ఆ ఇంజక్షన్లు చాలావరకు 2-8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి; కారులో వదిలేసి షాపింగుకి వెళితే అంతే సంగతులు! మంచానికే పరిమితమైన వాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, నీళ్ళు మానకుండా వేళకి బాత్రూముకి వెళ్ళే అలవాటు చేయడం, బరువు పనులు పొద్దున్నే ముగించి మధ్యాహ్నం నడుం వాల్చమని చెప్పడం... ఇవన్నీ వైద్యంలో భాగమే.

ఇంట్లోవాళ్ళు గుర్తుంచుకోవలసినవి రెండు. ఈ జబ్బులో వచ్చే నీరసం పైకి కనిపించదు. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అన్నమాట వాళ్ళని సూదికన్నా ఎక్కువ గుచ్చుతుంది. అలాగే, జ్వరం లేకుండా కొత్త ఇబ్బంది ఏదైనా 24 గంటలు దాటి నిలిస్తే ఎండ మీదకి నెట్టేయకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఇంకో హెచ్చరిక. నొప్పులకి వాడే ప్రీగాబలిన్, ట్రమడాల్ ఇక్కడ నియంత్రణలో ఉన్న మందులు. ఇండియా నుంచి వచ్చే అత్తగారి సూట్‌కేసులో తెప్పించుకోకండి. ప్రిస్క్రిప్షన్ తో పాటు ఆరోగ్యశాఖ అనుమతి ముందే ఆన్‌లైన్ లో తీసుకోవాలి.

యూఏఈలో నేషనల్ మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ 2022లో ఏర్పడింది. మన దేశంలో ఇలాంటి సంఘం 1985 నుంచీ ఉంది, హైదరాబాదులో శాఖ కూడా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బుని తన జాబితాలో చేర్చింది. ఇంటికి తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకి ఇది పనికొచ్చే కబురు.

మన సంఘంలోనూ నర్సు చెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళని పండగ స్టేజీ మీద శాలువాతో సత్కరిస్తే సంతోషమే. అంతకన్నా మంచి పని ఇంకోటుంది. మీ బిల్డింగులో ఎవరికైనా ఈ ఎం.ఎస్. ఉంటే, ఈ ఎండల్లో వాళ్ళ పిల్లల్ని స్కూలు బస్సు దగ్గర మీరే దించి రండి. వాళ్ళు దాచుకున్న ఆ కాస్త ఓపికా సాయంత్రం పిల్లలతో ఆడుకోవడానికి మిగులుతుంది.