ముప్పై ఏడు గుర్రాల ముచ్చట

మేడ్చల్‌లో ఉండే మా మేనల్లుడు పాత మారుతి 800 కొన్నాడు. దాని శక్తి పెంచి, శామీర్‌పేట దగ్గర ఔటర్ సర్వీసు రోడ్డు మీద డ్రిఫ్టింగ్ నేర్చుకుంటాడట! 37 గుర్రాల శక్తి చాలదని వాడి దిగులు.

నా దృష్టిలో లోపం అక్కడ లేదు. ఆ బండిని లాగేవి ముందు చక్రాలు. అసలైన డ్రిఫ్టుకు వెనుక చక్రాలు ఇంజను బలంతో జారాలి. చేతి బ్రేకుతో వచ్చేది క్షణికమైన జారుడు మాత్రమే. అదే 796 సీసీ ఇంజనుతో ఓమ్ని వ్యాను వెనుక చక్రాలతో నడిచేది గానీ, ఎత్తు వల్ల దానికి బోల్తా భయం.

కొత్తవాడికి కావలసింది టర్బో కాదు. మంచి బ్రేకులు, సీటు బెల్టు, హెల్మెట్, అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్లు చల్లిన ఖాళీ మైదానం. అక్కడ చిన్న ఇంజను గొప్ప గురువు. తప్పు నిదానంగా జరుగుతుంది, దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. రోడ్డు మీద ఆ తప్పుకు మూల్యం చెల్లించేది పాలక్యాన్లతో ఎదురొచ్చే మనిషి. కాదంటారా?