పనిబల్ల: గ్రహశకలాలు చేద్దాం

బల్లమీద అగ్గిపెట్టెల రాకెట్లతో యుద్ధమాడే మీకు నడుమ అడ్డురాళ్లు కావాలి కదా? అంగారకుడికీ గురుడికీ మధ్య సూర్యుని చుట్టూ తిరిగే గ్రహశకలాలనే చేద్దాం.

పాత వార్తాపత్రికను చింపి ఒక రాత్రి నానబెట్టండి. తెల్లారి నీరు పిండి, మెత్తగా పిసికి, మైదాపిండి ఉడికించిన జిగురు కలిపి, నిమ్మకాయంత ముద్దలు చేయండి. కాని గుండ్రంగా వద్దు! గోళాన్ని గుండ్రపరచేది దాని ఆకర్షణశక్తే. సుమారు 940 కిలోమీటర్ల అడ్డుకొలత గల సెరిస్‌కు ఆ బలం ఉంది, చిన్నరాళ్లకు లేదు. అవి బంగాళాదుంపల్లా వంకరగా ఉంటాయి. గోలీతో నొక్కితే, వేరే రాళ్లు ఢీకొన్న గుంటలు ఏర్పడతాయి. అడుగున వెదురుపుల్ల గుచ్చి ఎండబెట్టండి. తరువాత బొగ్గుపొడి కలిపిన జిగురు పూయండి. నిజమైనవి చాలావరకు బొగ్గులా నల్లనివే. పుల్లను బంకమట్టిలో నిలపండి.

ఇంత నల్లటివాటిని ఎలా కనిపెట్టారంటారా? ఒకప్పుడు మన బేగంపేటలో నిజామియా వేధశాలవారు గాజుపలకలమీద ఆకాశాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలిచారు. అటువంటి ఫోటోలో నక్షత్రం చుక్కగా పడుతుంది. కదిలే గ్రహశకలం చిన్నగీతగా పడుతుంది.

మరి మన బల్లమీద రాళ్లు జానెడు దూరంలో ఉన్నాయే, ఆకాశంలోనూ అంతేనా? కాదు. కిలోమీటరు పరిమాణంగల రాళ్లమధ్య ఎడం సగటున దాదాపు 10 లక్షల కిలోమీటర్లు. మన 4 సెంటీమీటర్ల ముద్ద అలాటి రాయి అనుకుంటే, పక్కరాయిని 40 కిలోమీటర్ల అవతల, ఇంచుమించు భువనగిరి కొండ దరిదాపుల్లో పెట్టాలి! అందుకే పయనీర్ 10 నౌక 1972లో ఆ ప్రాంతంలో ప్రవేశించి, 1973లో క్షేమంగా దాటిపోయింది.

అయితే ఆట మానకండి. తమ్ముడికీ చెల్లాయికీ ఆట నేర్పేటప్పుడు మాత్రం, ఏది ఆటకోసమో ఏది నిజమో రెండూ చెప్పండి.