త్రిశంకుడికి టిక్కెట్టు

త్రిశంకుడి కథ మనకందరికీ తెలుసు గాని, దాన్ని వ్యాపారదృష్టితో చదివినవారు తక్కువ. ఆ మహారాజుకు బొందితో స్వర్గానికి పోవాలని కోరిక పుట్టింది. కులగురువైన వసిష్ఠుణ్ణి అడిగాడు. వసిష్ఠుడంటే ఆస్థాన పురోహితుడు, నియమనిబంధనలు తెలిసినవాడు. కుదరదు పొమ్మన్నాడు. రాజు ఊరుకున్నాడా? విశ్వామిత్రుడి దగ్గరకు పోయాడు. ఆయన సరే, నేను పంపిస్తానన్నాడు. తరువాత ఏమైందో మళ్ళీ చెప్పనక్కరలేదు. స్వర్గయానంలో ప్రైవేటు రంగమనేది ఆనాడే మొదలైందని మాత్రం తెలుగు శాఖ తరఫున సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నవ్వకండి. 2001లో అచ్చంగా ఇదే జరిగింది. డెన్నిస్ టిటో అనే అమెరికా ధనికుడు అరవయ్యేళ్ళ వయస్సులో రోదసికి పోతానన్నాడు. సొంత దేశపు సంస్థ నాసా అభ్యంతరం చెప్పింది. రష్యావారు రమ్మన్నారు. సుమారు రెండు కోట్ల డాలర్లు పుచ్చుకుని ఏప్రిల్ 28న సోయజ్ నౌకలో ఎక్కించుకున్నారు. అంతర్జాతీయ రోదసీ కేంద్రం చూపించి, వారం పైచిలుకు రోజుల్లో క్షేమంగా కిందికి దింపారు. ఆ లెక్కన మన త్రిశంకుడికన్న టిటో అదృష్టవంతుడే.

డబ్బున్నవాడు టిక్కెట్టు కొనడంలో వింత లేదు. ఈ వ్యాపారానికి పునాది వేసినవారు అసలు వ్యాపారులే కాకపోవడం వింత. వారిని ఏమనాలి? "ఔత్సాహికులు" అంటే మరీ గంభీరంగా ఉంటుంది. మా ఊళ్ళో అయితే "సరదా గలవాళ్ళు" అంటారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు "పనీ పాటా లేనివాళ్ళు" అంటారు. మూడు మాటలూ నిజమే.

1927లో జర్మనీలోని బ్రెస్లావ్ పట్టణంలో ఇటువంటివారు కొందరు చేరి రోదసీయానానికి ఒక సంఘం పెట్టుకున్నారు. 1933లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మరొకటి వెలిసింది. చంద్రుడి మాట దేవుడెరుగు, ఆ రోజుల్లో రాకెట్టు పక్క ఊరు చేరడమే గగనం. అందులో ఇంగ్లండువారికి పేలుడు పదార్థాల చట్టం అడ్డువచ్చి రాకెట్టు కాల్చే వీలే లేకపోయింది. అయినా వారు నిరాశ పడలేదు. చంద్రుడి మీదికి పోయే నౌకకు కాగితం మీద నక్షాలు గీసుకుని, వాటిని గురించి వాదించుకుంటూ కాలం గడిపారు. జర్మన్ సంఘంలోని కుర్రవాడు ఫాన్ బ్రౌన్ మాత్రం తరువాత సైన్యం కొలువులో చేరి, లండను మీద పడిన రాకెట్లు తయారుచేశాడు. సరదా ఒక్కటే మనిషిని మంచివాణ్ణి చేయదని చెప్పడానికి ఈ మాట ఎత్తాను.

1961లో కాలిఫోర్నియాలోని రేడియో ఔత్సాహికులు తీరిక వేళల్లో కూర్చుని నాలుగున్నర కిలోల ఉపగ్రహం ఒకటి తయారుచేశారు. దాని పేరు ఆస్కార్. ప్రభుత్వ రాకెట్టులో తూకం సరిపోవడానికి పెట్టే దిమ్మె ఉంటుంది గదా, దాని బదులు ఇది పెట్టండని బతిమాలి ఒప్పించారు. డిసెంబరు 12న అది పైకి పోయి, మోర్స్ సంకేతాల్లో "హాయ్, హాయ్" అని పలకరిస్తూ మూడు వారాలపాటు భూమి చుట్టూ తిరిగింది. దేశదేశాల రేడియో ప్రియులు దాని పలుకు విని సంబరపడ్డారు. ఒక్కరికీ దమ్మిడీ లాభం లేదు.

ఈ సరదా వ్యాపారంగా మారిన ముచ్చట మరొకటి. 1919లో న్యూయార్కులో ఆర్టీగ్ అనే హోటలు యజమాని ఒక పందెం కట్టాడు. న్యూయార్కుకూ పారిసుకూ మధ్య ఎక్కడా ఆగకుండా విమానంలో ఎగిరినవారికి ఇరవైఅయిదు వేల డాలర్లు బహుమానం. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్న తరువాత, 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా ఎగిరి అది గెలుచుకున్నాడు. ఆ కథ చదివిన పీటర్ డయమాండిస్ అనే ఉత్సాహవంతుడు 1996 మే 18న అదే తరహాలో "ఎక్స్ ప్రైజు" ప్రకటించాడు. ముగ్గురు పట్టే నౌకను ప్రభుత్వపు సొమ్ము తాకకుండా కట్టాలి. దాన్ని వంద కిలోమీటర్ల ఎత్తుకు తీసుకుపోవాలి. రెండు వారాల్లోగా అదే నౌక మళ్ళీ ఎగరాలి. గెలిచినవారికి కోటి డాలర్లు. ప్రకటించేనాటికి ఆ కోటి ఆయన చేతిలో లేదు! తరువాత ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన అన్సారీ కుటుంబం ఆదుకోవడంతో పందెం నిలిచింది.

ఏడు దేశాలనుంచి ఇరవైఆరు జట్లు పోటీకి దిగాయి. బర్ట్ రూటన్ అనే విమాన శిల్పి కట్టిన "స్పేస్‌షిప్ వన్" గెలిచింది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో 2004 జూన్ 21న అది మొదటిసారి వంద కిలోమీటర్లు దాటింది. ఆ తెల్లవారుజామున వేలాదిమంది జనం పిల్లాపాపలతో చేరి, మెడలు నొప్పి పుట్టేదాకా ఆకాశంలోకి చూశారు. సెప్టెంబరు 29న ఒకసారీ, అక్టోబరు 4న ఒకసారీ ఎగిరి ఆ నౌక పందెం గెలిచింది. అక్టోబరు 4 అంటే 1957లో రష్యావారు స్పుట్నిక్ పంపిన తేదీయే. కోటి డాలర్ల బహుమానం కోసం పెట్టిన ఖర్చు రెండు కోట్ల పైమాటే. పెళ్ళికన్న పందిళ్ళ ఖర్చు ఎక్కువైన సంగతి మనకు కొత్త కాదు గదా.

ఇక్కడనుంచి కంపెనీల యుగం. ఆ నౌక తరహాలోనే పెద్దది కట్టి టిక్కెట్లు అమ్మడానికి వర్జిన్ గెలాక్టిక్ కంపెనీ ముందుకు వచ్చింది. మొదట ఒక్కొక్క సీటు రెండు లక్షల డాలర్లు. 2021 జూలై 11న ఆ కంపెనీ నౌకలో మన తెలుగమ్మాయి బండ్ల శిరీష కూడా సుమారు ఎనభైఆరు కిలోమీటర్ల ఎత్తుకు పోయివచ్చింది. గుంటూరునుంచి హ్యూస్టన్‌దాకా ఆ రోజు తెలుగు ఇళ్ళల్లో జరిగిన సంబరం మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ సంబరం వెనుక మరి రెండు తేదీలున్నాయి. అవి ఎందరికి గుర్తున్నాయి? 2007 జూలై 26న ఇదే మొహావీలో, ఇదే నౌకకు సంబంధించిన పరీక్షలో పేలుడు జరిగి ముగ్గురు పనివాళ్ళు మరణించారు. 2014 అక్టోబరు 31న పరీక్ష కోసం ఎగిరిన నౌక గాలిలోనే ముక్కలైంది. సహచోదకుడు మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయాడు. ఒక మీట వేయవలసిన క్షణంకంటే ముందే వేయడం జరిగింది. అయితే ఒక్క మనిషి పొరబడితే నౌక ఏమవుతుందో దాన్ని కట్టినవారు ముందుగా ఆలోచించలేదని అక్కడి రవాణా భద్రతా సంస్థ తేల్చింది. శిరీష క్షేమంగా దిగిందంటే ఈ నలుగురు చెల్లించిన మూల్యంకూడా అందులో ఉన్నది. అది గుర్తు పెట్టుకునేవాడే నిజమైన ఔత్సాహికుడని నా అభిప్రాయం. కేవలం చప్పట్లు కొట్టేవాడు గిరాకీ మాత్రమే.

మా కాలేజీలో బి.ఏ. చదివే కుర్రవాడు ఒకడున్నాడు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగురుతుందంటే చాలు, రాత్రికి రాత్రి రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగుతాడు. వాడి తండ్రి బట్టల కొట్లో లెక్కలు రాస్తాడు. ఒకరోజు ఆయన నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మీరైనా వాడికి చెప్పండి. రాకెట్టు చూస్తే రూపాయి వస్తుందా?" అన్నాడు. నేను కుర్రవాణ్ణి పిలిపించి, "ఏమోయ్, అక్కడికి పోయి ఏం చేస్తావు?" అని అడిగాను. వాడు మాట్లాడకుండా సంచీలోనుంచి ఒక నోటుబుక్కు తీసి ఇచ్చాడు. గీతలు గీసి ఉన్నది. మొదట చెప్పిన తేదీ, నిజంగా ఎగిరిన తేదీ, ఆలస్యానికి చెప్పిన కారణం, చేస్తామన్నది, చేసింది. ఆ పుస్తకం తండ్రి చేతిలో పెట్టి, "ఇది చిట్టా ఆవర్జాయేనండీ. కొట్లో మీరు చేసే పనే మీవాడు ఆకాశంలో చేస్తున్నాడు" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండు పేజీలు శ్రద్ధగా చూశాడు. "లెక్క బాగానే రాశాడండీ. జీతం మాత్రం ఇవ్వరు గదా!" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

జీతం లేని ఈ చిట్టాలు ఎంతపని చేస్తాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లండులో కెటరింగ్ అనే ఊళ్ళో జెఫ్రీ పెర్రీ అని ఒక బడిపంతులు, ఫిజిక్సు చెప్పేవాడు. పిల్లలను కూర్చోబెట్టుకుని మామూలు రేడియో పరికరాలతో రష్యా ఉపగ్రహాల చప్పుళ్ళు వింటూ, వేళలు రాయించేవాడు. 1966లో ఆ లెక్కలు చూసుకుంటే ఒక ఉపగ్రహం దారి తెలిసిన కేంద్రానికి కుదరలేదు. రష్యావారు ఉత్తరాన ప్లెసెట్స్క్ దగ్గర రహస్యంగా మరొక ప్రయోగ కేంద్రం నడుపుతున్నారని ఆ పిల్లలూ, ఆ పంతులూ లోకానికి చెప్పారు! తోటి మేష్టరుగా ఈ కథ చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఆనాడు రహస్యాలు ప్రభుత్వాలవి. నేడు కంపెనీలవికూడా. ప్రభుత్వపు రాకెట్టు పాడైతే పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు. కంపెనీ రాకెట్టు పాడైతే ఎవరు అడుగుతారు? టెక్సాస్ సముద్రతీరాన బోకా చికా అనేచోట స్పేస్‌ఎక్స్ కంపెనీ తన మహా రాకెట్టు స్టార్‌షిప్ కడుతున్నది. రోడ్డు పక్కన ఔత్సాహికులు కెమెరాలు పెట్టుకుని రేయింబవళ్ళు కాపలా కాస్తారు. 2023 ఏప్రిల్ 20న అది తొలిసారి నిండు రూపంతో లేచినప్పుడు కింద కాంక్రీటు వేదిక పగిలి, పెళ్ళలు దూరాలకు ఎగిరిపడ్డాయి. దుమ్ము పక్క ఊరిదాకా పోయింది. రాకెట్టు నాలుగు నిమిషాలకు పేలిపోయింది. పెళ్ళలు ఎట్లా ఎగిరాయో లోకానికి చూపించినవాటిలో ఆ అభిమానుల కెమెరాలు ముఖ్యమైనవి. తరువాత విచారణ ముగిసినప్పుడు ప్రభుత్వ శాఖ అరవైమూడు దిద్దుబాట్లు చేయవలసి ఉన్నదని చెప్పింది. ఆ రాకెట్టును అందరికన్న ఎక్కువ ప్రేమించినవారే దాని దెబ్బలను అందరికన్న దగ్గరగా చూశారు. బిడ్డ ఒంటిమీద దద్దురు తల్లి కంటికే ముందు కనపడుతుంది.

అదే కంపెనీ 2019 మే నెలలో అరవై చిన్న ఉపగ్రహాలు ఒక్కసారి వదిలినప్పుడు, హాలండులో ఒక ఔత్సాహికుడు వాటిని ముత్యాలసరంలాగా వరుసగా పోతుండగా చిత్రం తీశాడు. చూసినవారు మురిసిపోయారు. ఖగోళ శాస్త్రజ్ఞులు మాత్రం తలలు పట్టుకున్నారు. ఇప్పుడవి వేల సంఖ్యలో ఉన్నాయి. పల్లెటూళ్ళకు ఇంటర్నెట్టు కావాలి, నిజమే. అరుంధతీ నక్షత్రం చూపించడానికి నల్లని ఆకాశమూ కావాలి. ఈ బేరం కంపెనీలే మాట్లాడుకుంటే మన తరఫున మాట ఎవరిది?

మన దగ్గరకూ ఆ రోజులు వచ్చాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం రోదసీ రంగంలోకి ప్రైవేటువారిని రానిచ్చింది. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తయారుచేసిన "విక్రమ్-ఎస్" శ్రీహరికోటనుంచి ఎనభైతొమ్మిదిన్నర కిలోమీటర్ల ఎత్తుకు పోయింది. మన దేశంలో ప్రైవేటు రాకెట్టు ఎగరడం అదే మొదలు. 2024 మే 30న మద్రాసు ఐ.ఐ.టి. నీడలో పెరిగిన అగ్నికుల్ కంపెనీ తన రాకెట్టు ఎగరేసింది. అంతకుముందు నాలుగుసార్లు ప్రయోగం ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ కొందరు ఉసూరుమన్నారు. నన్నడిగితే చప్పట్లు కొట్టవలసింది అప్పుడే. ఇంత డబ్బూ ఇంత పేరూ పణంగా ఉండగా, లోపం కనిపించి ఆగగలగడం ఎగరడంకన్న గొప్ప. మొహావీలో పోయిన నలుగురి కథ తెలిసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

శ్రీహరికోటలో 2019నుంచి జనం కూర్చుని చూడటానికి అయిదువేలమంది పట్టే గ్యాలరీ ఉన్నది. పేరు నమోదు చేసుకుంటే సామాన్యులు ఎవరైనా పోవచ్చు. సెలవుల్లో పిల్లలను తప్పక తీసుకువెళ్ళండి. పులిహోర పొట్లాలతోబాటు ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలూ పట్టించండి. రాకెట్టు లేచినప్పుడు కేకలు వేయనివ్వండి. అది ఆ వయస్సు హక్కు. తరువాత, ఎవరు పంపారు, ఏం చెప్పారు, ఏం చేశారు అని రాయించండి.

పుష్పక విమానం కుబేరుడిదని పురాణాలు చెబుతున్నాయి. నేటి పుష్పకాలూ కుబేరులవే. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండటం ఆ పాత పుష్పకం మహిమ. ఈ కొత్తవాటిలో మీకూ నాకూ చోటు దొరుకుతుందో లేదో చెప్పలేను. నేలమీద నిలబడి కళ్ళు తెరిచి చూసేవాడి చోటు మాత్రం టిక్కెట్టు లేనిది. అది ఖాళీగా ఉండిపోకుండా చూసుకోవడమే మన వంతు.