ఇంటా బయటా: మూడోసారి వంగని తండ్రి

జబ్బులూ మందులూ ఈ నెలకు పక్కన పెడుతున్నాం. ఊరూరా తిరిగే నాటక కంపెనీ ఒకటి మొన్న మా ఊరికి 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' తెచ్చింది. సొసైటీ కుటుంబాలు మూడు కలిసి వెళ్ళాం. మీ ఊరికి వస్తే చూడవచ్చా, పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా అని అడుగుతున్న వారికి ఇదే మా జవాబు.

ఇది 1964లో బ్రాడ్‌వేలో మొదలైన సంగీత నాటకం. షోలెమ్ అలైకెమ్ యిద్దిష్ భాషలో రాసిన కథలు దీనికి మూలం. 1905 నాటి జారు రష్యాలో అనతెవ్కా అనే పల్లె. అక్కడ టెవ్యే అనే యూదు పాలవాడు, అతనికి అయిదుగురు ఆడపిల్లలు. సంబంధాలు కుదిర్చే ఆవిడ రంగం మీదికి రాగానే మా వరసంతా నవ్వులే. అచ్చం మన పెళ్ళిళ్ళ పేరమ్మ!

మా అత్తగారిది తెనాలి. సురభి వారి నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రం. పెళ్ళి ఘట్టంలో మగవాళ్ళు టోపీల మీద సీసాలు నిలబెట్టుకుని ఆడిన ఆట ముగియగానే, "ఇక్కడ వన్స్ మోర్ అడగరా?" అని కాస్త గట్టిగానే అన్నారు.

పెద్దపిల్ల, తండ్రి మాట ఇచ్చిన మాంసం షావుకారును కాదని పేద దర్జీని చేసుకుంటానంటుంది. టెవ్యే వంగుతాడు. రెండోది విప్లవకారుణ్ణి వలచి, అతని వెనకే సైబీరియాకు ప్రయాణమవుతుంది. మళ్ళీ వంగుతాడు. మూడోది మతం వేరైన రష్యన్ కుర్రవాణ్ణి పెళ్ళాడుతుంది. ఈసారి వంగడు. ఆ పిల్ల మనకు చచ్చిపోయిందంటాడు. అంతదాకా నవ్విన మా వరస ఇక్కడ చప్పబడింది. ఎవరూ పక్కకు తిరిగి చూడలేదు.

చివరికి మూడు రోజుల్లో ఊరు ఖాళీ చెయ్యమని ప్రభుత్వం హుకుం. అంతా మూటాముల్లె సర్దుకుంటారు.

కారులో మా పదేళ్ళ అమ్మాయి అడిగింది: "ఆ నాన్న మూడో అమ్మాయితో అసలు మాట్లాడనే లేదేం?"

మేము తడుముకుంటుండగా వెనక సీట్లోంచి వాళ్ళ అమ్మమ్మ అంది: "మాట్లాడాడే, వెళ్ళిపోయేటప్పుడు. మొహం చూడకుండా మెల్లిగా ఏదో అన్నాడు. పెద్దపిల్ల అందుకుని చెల్లెలికి చెప్పింది. నువ్వు వినలేదు."

నిజమే. అది దీవెన.

చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మ లాంటిది. దెబ్బ తగిలితే ఒక పక్క చిట్లి, రెండో పక్క వంగి ఊరుకోవడం తరచు చూస్తాం. త్వరగా అతుక్కుంటుంది కూడా. వయసు మళ్ళిన ఎముక అలా వంగదు, విరుగుతుంది. అందుకని ముసలాయన్ని ఎవరూ కోప్పడరు. అయితే విరిగిన ముక్కలు ఎడమైపోతే అతుకు పడదు. దగ్గర చేర్చి కదలకుండా ఉంచాలి. టెవ్యే గొణిగిన ఆ ఒక్క మాట చేసిన పని అదేనని మాకు తోచింది.

మాటలు మానేసిన ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ శీర్షిక పని కాదు. ఎదురుగా అనలేని మాటను పెద్దపిల్ల చేతనైనా కబురు పెట్టవచ్చునని మాత్రం చెప్పగలం.

పదేళ్ళు దాటిన పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే తప్పక తీసుకెళ్ళండి. నాటకం దాదాపు మూడు గంటలు. అన్నం వండి పెట్టి మరీ బయలుదేరండి.