అద్దె ఇల్లు కట్టక ముందు లెక్క చూడండి



గ్రామ సంఘాలలో కుటుంబ ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. "అయ్యగారూ, ఉన్న ఎకరము అమ్మి టౌనులో నాలుగు పోర్షన్లు వేసి అద్దెకిస్తే ఎలా ఉంటుంది?" కొందరికి పదవీ విరమణ సొమ్ము చేతికి వచ్చినది. కొందరి పిల్లలు గల్ఫు దేశాల నుండి డబ్బు పంపుతున్నారు. వానలను నమ్ముకొని సేద్యము చేసి అలసిపోయినవారికి నెల నెలా వచ్చే అద్దె ఆశగా కనబడుట సహజమే.

ఇల్లు అద్దెకిచ్చుట తప్పు కాదు. అపొస్తలుడైన పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంటిలోనే ఉండి, తన యొద్దకు వచ్చిన వారికందరికి సువార్త చెప్పెను (అపొ. కార్యములు 28:30-31). ఆ ఇంటి యజమాని ఎవరో మనకు తెలియదు గాని, ఆ ఇల్లు ఎందరికో ఆశీర్వాదమైనది. అయితే గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క వేసికొనవలెనని ప్రభువు బోధించెను (లూకా 14:28-30). ఈ నెల మనమూ ఆ లెక్కే చూద్దాము.

ముందు అద్దె లెక్క. ఒక కుటుంబము స్థలముతో కలిపి 30 లక్షల రూపాయలు పెట్టి మూడు పోర్షన్లు కట్టినదనుకొందాము. ఒక్కొక్క దానికి అద్దె 4,500. నెలకు 13,500, ఏడాదికి 1,62,000. చాలామంది లెక్క ఇక్కడే ఆపివేస్తారు. కాని ఏ ఇల్లూ పన్నెండు నెలలూ నిండుగా ఉండదు. ఒక నెల ఖాళీ కింద 13,500 తీసివేయండి. ఇంటి పన్ను, సున్నము, మోటారు రిపేరు, కారే స్లాబు, వీటికి మరొక 18,500 తీయండి. మిగిలేది 1,30,000. అనగా ఏడాదికి నూటికి నాలుగు రూపాయల చిల్లర.

ఇక అప్పు లెక్క. స్లాబు దాకా వచ్చేసరికి డబ్బు చాలక ఆ కుటుంబము ఊరిలో 5 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదనుకొందాము. వడ్డీయే నెలకు 10,000, ఏడాదికి 1,20,000. మూడు ఇళ్ళవారు ఏడాదంతా ఇచ్చిన అద్దెలో మిగిలేది 10,000 రూపాయలే. అసలు మాత్రము పైసా తగ్గదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24 అని మనవారు మరచిపోతున్నారు. 24 చెల్లించి 4 సంపాదించే బేరము ఎవరైనా చేస్తారా? సామెతలు 22:7లో చెప్పబడిన దాస్యము ఇదే.

బ్యాంకు అప్పు మేలే గాని అదీ తేలిక కాదు. 10 లక్షలు 9 శాతము వడ్డీతో 15 సంవత్సరములకు తీసుకొంటే నెలకు కిస్తీ సుమారు 10,140 పడుతుంది. పోర్షన్లు ఆరు నెలలు ఖాళీగా ఉన్నా మీ జీతములో నుండో పంటలో నుండో ఆ కిస్తీ కట్టగలరా? కట్టగలిగితేనే ముందుకు వెళ్ళండి. "స్థలము విలువ పెరుగుతుంది గదా" అంటారు. పెరగవచ్చు. గాని ఆ లాభము అమ్మిన రోజుననే చేతికి వస్తుంది. కిస్తీ మాత్రము ప్రతి నెలా అడుగుతుంది.

కాబట్టి క్రొత్తగా మొదలుపెట్టేవారు తిండి పెట్టే ఎకరమంతా అమ్మవద్దు. ఉన్న ఇంటి మీదనో ప్రక్కనో ఒక్క పోర్షను వేసి రెండేళ్ళు నడిపి చూడండి. టౌనులోనే కొనదలచితే ఆ వీధిలో "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అనే బోర్డులు ఎన్ని నెలలుగా వ్రేలాడుతున్నవో ముందుగా విచారించండి.

తరువాత కాగితముల సంగతి. యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములలో యిర్మీయా అనాతోతులోని పొలము కొనెను. వెండి తూచి ఇచ్చి, సాక్షుల ఎదుట వ్రాయించి, ముద్ర వేసిన పత్రమును, ముద్ర వేయని ప్రతిని మట్టికుండలో భద్రపరచమని బారూకుకు అప్పగించెను (యిర్మీయా 32). ప్రవక్తయే అంత జాగ్రత్త పడితే, మనము మధ్యవర్తి మాట మీద బయానా ఇవ్వవచ్చునా? సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో 30 సంవత్సరముల ఈ.సి. తీయించండి. లింకు దస్తావేజులు జిరాక్సులు కాదు, అసలువి చూడండి. నోటరీ కాగితముతో ఇల్లు మీది కాదు, రిజిస్ట్రేషను కావలెను. డి-ఫారం పట్టా, లావణి పట్టా భూముల అమ్మకమును 1977 చట్టము నిషేధించినది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినను, తహశీల్దారు కార్యాలయములో అడగనిదే ముట్టవద్దు. ఏజెన్సీ గ్రామాలలో 1/70 చట్టమున్నది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనరాదు. అమ్మేవారు క్రైస్తవులైతే 1925 వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేని తండ్రి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులతో సమాన భాగమున్నది. అక్కచెల్లెళ్ళ సంతకాలు లేకుండా కొంటే ఆ కుటుంబపు కన్నీరు కూడా కొన్నట్లే.

చివరిది, అద్దెకు వచ్చేవారి సంగతి. మేడకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీ. 22:8). ఇంటిలో ఉండేవారి ప్రాణమునకు యజమాని బాధ్యుడని దాని అర్థము. తెగిన కరెంటు తీగలు, మూత లేని సంపు ఉంచి అద్దె తీసుకొనకూడదు. సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపవద్దు, 2013 చట్టము దానిని నేరమన్నది. ఒప్పందము వ్రాసుకొనండి, అద్దెకు రసీదు ఇవ్వండి, ఖాళీ చేసిన నాడే అడ్వాన్సు తిరిగి ఇవ్వండి. అద్దె ఆలస్యమైతే నోటీసు ఇవ్వవచ్చును గాని, సామాను బయట పడవేసి తాళము వేసే హక్కు మీకు లేదు.

ఒక్క మాట మరచిపోవద్దు. పట్టణానికి ఉద్యోగము మీద వెళ్ళిన మన పెద్దలలో ఎందరినో "మీరేమిట్లు?" అని అడిగి, జవాబు విని గుమ్మము మూసిన ఇళ్ళున్నవి. ఈ రోజున దేవుడు మన చేతికి తాళపు చెవి ఇచ్చినాడు. ఆ ప్రశ్న మన గుమ్మములో వినబడితే, మనము కట్టినది ఇల్లు కాదు, మనలను అవమానపరచిన ఆ పాత గోడే. అద్దె ఇవ్వగలడా, నెమ్మదస్థుడా అని విచారించండి. కులము అడగకండి.

ఈ మాసములో భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుండి, ప్రార్థించి, ఒక కాగితము మీద ఈ లెక్క వేయండి. లెక్క కుదరకపోతే ఆగుట అవిశ్వాసము కాదు, అదియు జ్ఞానమే. కుదిరితే ధైర్యముతో పునాది వేయండి. మీరు కట్టే గోడల మధ్య మీ కుటుంబము, అద్దెకు వచ్చే కుటుంబము సమాధానముగా నిద్రించునట్లు ప్రభువు కృప చూపును గాక. ఆమేన్.