గని విస్తరణము – మన బావులు

చంద్రపురము జిల్లాలోని వర్ధా లోయ బొగ్గుగనులతో మనవారి సంబంధము నేటిది కాదు. బల్లార్పూరు, రాజురా ప్రాంతములలో తాతలనాడే స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. 1956కు పూర్వము రాజురా హైదరాబాదు రాష్ట్రములోనిదే. కావున భూగర్భ గనిని విస్తరింపబూనినపుడు మేము కేవల విరోధము వహింపజాలము. కూడు పెట్టినది ఆ గనియే.

అయినను నేలక్రింద జరుగునది నేలపైనున్నవారికి తెలియవలెను. బొగ్గు తీయునపుడు కప్పు నిలుచుటకై బొగ్గు కంబములను విడిచెదరు. చివరకు వానిని కూడ తీసినచో కప్పు కూలును. పైనున్న పొలము క్రుంగును, గోడలు బీటలువారును. ఆ ఖాళీలో ఇసుక నింపినచో క్రుంగుట చాల తగ్గును గాని, అది ఖర్చుతో కూడిన పని. గనిలో ఊరు నీటిని రేయింబవళ్ళు తోడుటచే చుట్టుపట్ల బావులు అడుగంటుటయు కలదు.

2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ సభకు 30 దినముల ముందు నోటీసు ఈయవలెను. నివేదిక సంగ్రహము ఇంగ్లీషులోను స్థానిక భాషలోను ఉండవలెను. ఇచ్చట స్థానిక భాష యనగా మరాఠీ. మన పిల్లలు దానిని చక్కగా చదువుదురు. మన ముసలమ్మల మాటేమి? బావి ఎండినచో ముందుగా తెలియునది వారికే! జనాభాలో 15-20 శాతమున్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్య ప్రకటనలు వెలువరించుట మేలని 1956 నాటి రక్షణల పత్రములో కలదు. ఆ లెక్క మన ప్రతి పేటలోను తేలకపోవచ్చును.

అందుచే సభ జరుపునపుడు చదువుకొన్న యువకులు ఆ సంగ్రహమును వాడవాడల తెలుగున వినిపింపవలెనని కోరుచున్నాము. కంబములు తీయుదురా? ఇసుక నింపుదురా? బావుల నీటిమట్టము ఇప్పుడే కొలిచి వ్రాసియుంచెదరా? ఇవి అడుగుడు. మరాఠీ పొరుగువారు త్రాగునదియు ఆ బావుల నీరే. వారితో కలిసియే వెళ్ళుదము.