ఏడిళ్ళు తిరిగాకే ఎనిమిదో ఇల్లు



పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలంటారు. అది షౌక్ కొద్దీ తిప్పదు. కుక్క అలికిడో, కొత్త మనిషి చేయో తగిలి ఖతరా అనిపిస్తే, కూనను మెడ దగ్గర కరుచుకుని మరో మూలకు మోసుకుపోతుంది. ఆ తల్లి సఫర్ పూర్తికాకుండానే కూనను మనం ఎనిమిదో ఇంటికి ఎత్తుకుపోతున్నాం. నా షికాయత్ అదే.

అంతర్వేది పల్లిపాలెంలో చేపల పడవలు ఆగే చోట పిల్లులకు కొదవ లేదు. మూడు వారాల కూన తప్పటడుగులు వేస్తూ కనబడితే చాలు, "అబ్బా, ఇది కావాలి" అని పిల్లల జిద్దు. అట్టపెట్టెలో పెట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నర్సాపురం దాటించేస్తాం. ఆ రాత్రంతా అది తల్లి కోసం ఏడుస్తుంది. ప్యార్‌తోనే గేదెపాలు పోస్తాం. అవి అరగక విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న జాన్ ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

కూన కళ్ళు తెరవడానికే వారం, పది రోజులు పడుతుంది. నాలుగో వారానికి మెత్తటి తిండి నాకడం మొదలుపెడుతుంది. ఎనిమిది వారాలకు పాలు మానే స్థితికి వస్తుంది. కాబట్టి రెండు నెలలు కనీస గడువు, మూడు నెలలు ఇంకా బెహతర్. ఎంత గట్టిగా కొరికితే ఆటో, ఎంతైతే దెబ్బో తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. ఆ తాలీమ్ మనం ఇవ్వలేం. హెల్సింకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 5,726 పిల్లుల వివరాలు పరిశీలించి 2017లో ఒక సంగతి ప్రకటించారు. ఎనిమిది వారాల లోపే తల్లికి దూరమైన వాటిలో కరవడం, మీద పడటం ఎక్కువట. పద్నాలుగు వారాలు ఆగితే ఇంకా మంచిదని వాళ్ళ సలహా.

"అక్కడే వదిలేస్తే కుక్కలు బతకనిస్తాయా భాయ్?" అని అడుగుతారు. వాజిబైన సవాలే. కానీ దానికి జవాబు కూనను ఒక్కదాన్నే లాక్కుపోవడం కాదు. తల్లితో సహా ఓ పెట్టెలో, వసారా మూల రెండు నెలలు పనాహ్ ఇవ్వండి. తల్లి కాసేపు కనబడకపోతే యతీమ్ అనుకోకండి, అది రిజ్క్ వెతుక్కోవడానికి పోయి ఉంటుంది. దూరం నుంచి కొన్ని గంటలు చూడండి. నిజంగానే తల్లి లేకపోతే వెంటనే తీసుకోండి. అప్పుడు పిల్లికూనల కోసం అమ్మే పాలపొడి కలిపి, పశువుల డాక్టరును అడిగి పట్టండి.

సఫర్‌లో కొందరు సహాబాలు ఓ పిట్ట పిల్లలు రెండింటిని తీసుకుంటే, తల్లి రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరిగింది. అది చూసిన రసూలుల్లాహ్ (స) పిల్లల్ని తల్లికి తిరిగి ఇచ్చేయమన్నారు. అబూదావూద్‌లో ఉన్న హదీసు ఇది. పిట్ట తల్లికి ఉన్న హక్ పిల్లి తల్లికి లేదా?

అంతవరకూ పిల్లల్ని ఊరికే సబర్ చేయమనక్కర్లేదు. తల్లి మచ్చికైనదైతే అప్పుడప్పుడూ తీసుకెళ్ళండి. కూనను మెల్లగా ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తల్లి దగ్గర దించేయమనండి. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేయి అలవాటైన కూన తర్వాత మనిషిని చూసి బెదరదు.

తనంతట తాను తింటోందా? ఇసుకలోకి వెళ్ళి పని కానిస్తోందా? చురుగ్గా ఆడుతోందా? మొదటి టీకా పడిందా? అన్నిటికీ "హా" అన్నాకే తెచ్చుకోండి. మిగిలిన టీకాలు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా మీ జిమ్మా. తెచ్చుకునే రోజు తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి పెట్టెలో వేయండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి దానికి ఆ వాసనే తసల్లీ.